బావగారు బాగుచేసిన బీపీ

ఫిబ్రవరి 6

బావగారికి,

బుట్ట విప్పగానే పైన ఉత్తరం కనిపించి, వీడికి ఫోను లేదా అని మీరు విసుక్కుంటారని తెలుసు. ఉంది. కానీ ఫోన్లో నా గొంతు వినగానే "వేలంపాట మొదలెట్టాడు" అని అక్క చేతికి ఇచ్చేస్తారు. కాగితమైతే కింద ఏముందో చూడ్డానికైనా ఎత్తాలి, ఎత్తాక మీ బుద్ధి మీకు తెలుసు, చదవకుండా ఉండలేరు. అందుకని ఇకనుంచి వారానికో బుట్ట, బుట్టకో ఉత్తరం. మీ జవాబు ఖాళీ బుట్టలో పెట్టి అదే బస్సుకి వేయండి. డ్రైవరు మనవాడే.

అక్క అంతా చెప్పింది. కంటాసుపత్రిలో మిమ్మల్ని ఆపరేషను గది గుమ్మం దాకా నడిపించుకెళ్ళి, చేతికి పట్టీ చుట్టి చూసి, నూట డెబ్బై ఎనిమిది అని వెనక్కి పంపేశారట. బీపీ దిగిందని మీ వీధి క్లినిక్కు డాక్టరు కాగితం రాసిస్తే తప్ప కంటి మీద కత్తి పెట్టేది లేదన్నారట. శుక్లం ముదిరితే తర్వాత తీయడం కష్టమట. నిమిషాల ముల్లుకీ వెంట్రుకకీ తేడా తెలియక మీరు గడియారాల బల్ల ముందు గంటల తరబడి ఊరికే కూర్చుంటున్నారని చెప్పి ఏడ్చింది. మా అక్క ఏడవగా నేను విన్నది చాలా తక్కువ.

బావగారూ, ముప్పై ఏళ్ళుగా పళ్ళ మార్కెట్లో అరుస్తున్నవాణ్ణి. నిరుడు ఛాతీ పట్టేసి ఆసుపత్రిలో పడితే అక్కడి డైటీషియన్ అమ్మాయి, రోజుకి పళ్ళెన్ని తింటారని అడిగింది. తినడమేమిటమ్మా, అమ్మడమే కదా అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: మనం తినే ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచి ఒత్తిడి పెంచుతుంది, పళ్ళలో ఉండే పొటాషియం ఆ ఉప్పుని బయటికి పంపుతుంది, రక్తనాళాల్ని కాస్త వదులు చేస్తుంది, పీచు కొవ్వుని అదుపులో పెడుతుంది, మొత్తం మీద గుండెకి బరువు తగ్గుతుంది అని. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగందే ఇలా తినకూడదట. మీకు ఆ పరీక్షలన్నీ బాగున్నాయని అక్క చెప్పింది కాబట్టి పంపుతున్నాను.

అరటి, నారింజ, జామ పెట్టాను. పండుని పండుగానే నమిలి తినండి. రసం తీయొద్దు. పంచదార వద్దు. ఉప్పు అసలే వద్దు. డాక్టరు రాసిన బిళ్ళ మానొద్దు, ఇది అన్నిటికంటే ముఖ్యం.

అక్కకి నా మాట చెప్పండి.

మీ బావమరిది


ఫిబ్రవరి 12

ఓయ్ బావమరిదీ,

నీ బుట్ట అందింది. అరటిపళ్ళ మీద ఆ మచ్చలేమిటోయ్? గీతలు పడ్డ గడియారాన్ని నేను బాగుచేస్తాను గానీ, చుట్టాలకి పంపను. మార్కెట్లో మిగిలిపోయిన సరుకుకి బావ కడుపు ఒక గోడౌనులా కనిపించిందా నీకు? మీ అక్క మాత్రం మచ్చలున్నవే తియ్యగా ఉంటాయని నీ తరపున వకాల్తా పుచ్చుకుంది. పుట్టింటి నుంచి రాయి వచ్చినా మెత్తగా ఉందనే రకం తను.

తిన్నాను. నారింజలకి గింజలు తీసే ఓపిక లేక రసం తీయించాను, పుల్లగా ఉంటే రెండు చెంచాల పంచదార కలుపుకున్నాను. జామకాయకి ఉప్పూ కారం లేకపోతే దాన్ని కోయడం దేనికి?

ఇక బిళ్ళ సంగతి. నడక తప్పిన గడియారం వస్తే ఒకేసారి స్ప్రింగు మార్చి, నూనె వేసి, చక్రాలు కడిగేసేవాడు మెకానిక్కు కాడు. ఒక్కొక్కటే మార్చాలి, మార్చి చూడాలి. అప్పుడే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. నీ పళ్ళూ డాక్టరు బిళ్ళా కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో నాకెలా తెలుస్తుంది? అందుకని ముందు పళ్ళు. బిళ్ళలు డబ్బాలో ఉన్నాయి, కాళ్ళొచ్చి ఎక్కడికీ పోవు.

మీ అక్క ఈ విషయంలో నాతో మాట్లాడ్డం మానేసింది. తను ఎన్నేళ్ళ నుంచో పొద్దున్నే ఒక బిళ్ళ మింగి, నూట ముప్పై దగ్గర పెట్టుకుని కూర్చుంది. తను చెప్పినట్టు వినే ఒళ్ళు తనది. నాది నాలాగే ఉంది.

నిన్న పక్క క్లినిక్కుకి వెళ్ళాను. నర్సమ్మ నూట డెబ్బై అంది. మళ్ళీ చూడమన్నాను, నూట డెబ్బై రెండు అంది. రెండుసార్లు రెండు రకాలుగా చెప్పే దాన్ని మా కొట్లో అయితే మిషను అనరు. ఆ డయలు చూస్తే నాకు నవ్వొచ్చింది, పాత అలారం గడియారానికి గొట్టం తగిలించినట్టుంది.

బుట్ట పంపుతున్నాను. మచ్చల్లేనివి పెట్టు.

బావ


ఫిబ్రవరి 16

బావగారికి,

మీ ఉత్తరం చదివి నా బీపీ చూపించుకోవాలనిపించింది.

మచ్చలు పండినందుకు గుర్తు, పాడైనందుకు కాదు. ముప్పై ఏళ్ళ అనుభవంతో ఏరి ఏరి మీకోసం పండినవి పెడితే మిగిలిపోయిన సరుకన్నారు. సరే, ఈసారి పచ్చగా నిగనిగలాడేవి పెట్టాను, పళ్ళూడేదాకా నమలండి. రసంలో పంచదార, జామకాయకి ఉప్పు. బావగారూ, తలుపు వేసి కిటికీ తీసినట్టుంది మీ వైద్యం. ఉప్పుని బయటికి తోయడానికి పండు తింటూ ఆ పండు మీదే ఉప్పు చల్లుకునే తెలివి ఇంకొకరికి రాదు.

బిళ్ళ గురించి మీ గడియారం లెక్క విని డైటీషియన్ అమ్మాయికి ఫోను చేశాను. పండు బిళ్ళకి తోడు వెళ్ళేదే గానీ బిళ్ళని ఇంటికి పంపేసి తను కుర్చీలో కూర్చునేది కాదట. గడియారాన్ని ఆపి బాగుచేయవచ్చు, గుండెని ఆపి చూడలేం కదండీ అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఇక మిషను తప్పంటారా? ఆడలేక మద్దెల ఓడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మీకంత అనుమానంగా ఉంటే ఆలస్యం దేనికి, చేతిలో స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. ఆ మిషన్నే బాగుచేసి పారేయండి, మీ బీపీతోపాటు వీధి వీధంతా దిగొస్తుంది.

కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకండి.

మీ బావమరిది


మార్చి 1

ఓయ్ బావమరిదీ,

నీ సలహా పాటించాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి, తారీఖు రాసిపెట్టుకో.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నర్సమ్మ చేతిలోంచి ఆ బీపీ మిషను జారి గచ్చు మీద పడింది. అద్దం పగిలింది, ముల్లు సున్నాకి రావడం మానేసింది. కంపెనీకి పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు. ఆవిడ ఏడుపు మొహంతో గుమ్మంలో నిలబడితే నీ మాట గుర్తొచ్చింది. మనవాడు నోరు జారినా ఒక్కోసారి మంచిమాటే జారుతుంది అనుకుని, ఇలా ఇవ్వమన్నాను.

విప్పి చూస్తే పెద్ద విద్యేం లేదు. ఒక రేకు డబ్బా, చిన్న పళ్ళచక్రం, ముల్లు. వంగినదాన్ని సరిచేశాను. కంటికి పొగమంచు కమ్మినా వేళ్ళకి కమ్మలేదని ఆ రోజు రుజువైంది. తర్వాతే అసలు చిక్కు. గడియారమైతే రేడియో టైముకి పెడతాం. బీపీకి రేడియో ఎక్కడిది? కొంచెంసేపు ఆలోచించాను. దాదాపు రెండు వారాలుగా పళ్ళు తింటున్నాను. రాత్రిపూట నిద్ర పడుతోంది. తల దిమ్ము లేదు. క్లినిక్కు గోడ మీద చార్టులో ఆరోగ్యంగా ఉన్నవాడికి నూట ఇరవై అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ మధ్యాహ్నం మా వీధిలో నాకంటే ఆరోగ్యంగా ఉన్నవాడు లేడు. ఇంకేం కావాలి?

పట్టీ నా చేతికే చుట్టుకున్నాను. మీ అక్కని గాలి కొట్టమన్నాను. మణికట్టు మీద వేలు పెట్టుకుని, గాలి మెల్లగా వదులుతుంటే నాడి మళ్ళీ తగిలిన చోట పట్టి ఆపాను. ముల్లు తీసి నూట ఇరవై మీద బిగించాను. గాలంతా పోయాక ముల్లు సున్నా దాటి కిందికి జారబోయింది. అక్కడ గుండుసూది ముక్కంత ఆపు పెట్టాను. ఇప్పుడది సున్నా మీద బుద్ధిగా నిలబడుతుంది. నర్సమ్మ సున్నా చూసి దణ్ణం పెట్టినంత పని చేసింది.

నిన్న కుర్ర డాక్టరు వచ్చిన రోజు. ఆయన వారానికి రెండుసార్లే వస్తాడు. నన్ను చూశాడు: నూట ఇరవై ఆరు. బిళ్ళలు వేసుకుంటున్నారా అని అడిగాడు. పళ్ళు తింటున్నాను అన్నాను. అది అబద్ధం కాదు కదా. నీ పళ్ళ మహిమో నా చేతి మహిమో, చెరి సగం అనుకుందాం.

మీ అక్కకి తొంభై రెండు వచ్చింది. పైగా తను పళ్ళు కూడా తింటోంది కదా, నేను వదిలేసిన ముక్కలన్నీ తన కంచంలోకే పోతాయి. మరీ తక్కువైపోయిందని డాక్టరు కంగారుపడి తన బిళ్ళ ఆపేశాడు, కూరలో ఉప్పు కాస్త ఎక్కువ వేసుకోమన్నాడు. తను, నాకేం నీరసంగా లేదే, ఎందుకు ఆపడం అని గొణిగింది. చదువుకున్నవాడి కంటే నీకు ఎక్కువ తెలుసా అని నేనే గదిమాను.

బావ


మార్చి 5

పూజ్యులైన బావగారికి,

ఆ పిలుపు ఊరికే రాయలేదు. నూట డెబ్బై రెండు నుంచి నూట ఇరవై ఆరు. ఉత్తరం పట్టుకుని మార్కెట్టంతా తిరిగాను. దళారీలకి, హమాలీలకి, చివరికి నా మీద కేసు వేసిన ఎదురు కొట్టు ముసలాయనకి కూడా చదివి వినిపించాను. మిషను, ముల్లు, గుండుసూది అని మీరు రాసిన పేజీ ఒకటి మధ్యలో ఉంది, అది వదిలేసి చదివాను. ఆ పనివాడితనం మాకెక్కడ అర్థమవుతుంది?

మా కొట్టు ముందు బోర్డు పెట్టాను. "బీపీకి పళ్ళబుట్ట. మా బావగారే సాక్షి." జనం ఆగి చదువుతున్నారు. ఒకాయన, మీ బావగారు ఏ పండు తిన్నారో అదే ఇవ్వండి అని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ఉన్నమాట చెప్పాలంటే, అమ్మకం కంటే నాకు ఇంకో సంతోషం. నాన్న పోయినప్పటి నుంచి మన ఇళ్ళల్లో నా మాటకి విలువ ఇచ్చినవాళ్ళు లేరు. మీరైతే నన్ను గొంతున్న తక్కెడ అనేవారు. ఇవాళ ఆ తక్కెడ మాట వినబట్టే మీ కళ్ళు బాగుపడబోతున్నాయి.

అక్క సంగతి విని ఇంకా సంతోషించాను. ఎన్నేళ్ళ బిళ్ళ ఒక్క దెబ్బకి పోయింది చూశారా. తనకి వేరే బుట్ట పెడుతున్నాను, మీరు వదిలేసిన ముక్కలు కాదు, సొంతంగా తినమని చెప్పండి.

మీ బావమరిది


మార్చి 15

ఓయ్ బావమరిదీ,

నీ పేరు మా వీధిలో మోగిపోతోంది. బుట్ట రాగానే పక్క కొట్టు దర్జీ, ఎదురింటి టీచరమ్మ, బ్యాంకు కాపలాదారు, అందరూ తలా ఒక పండు అడిగి తీసుకుంటున్నారు. పండు పట్టినవాళ్ళందరికీ ఫలం దక్కుతోంది. క్లినిక్కులో ఈ మధ్య ఎక్కువ బీపీ వచ్చినవాడు ఒక్కడూ లేడట. దర్జీకి ఎనభై రెండు. అతనికి ఏనాడూ ఏ జబ్బూ లేదు, ఇప్పుడు జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని తిరుగుతున్నాడు. కుర్ర డాక్టరుకి ఒకసారి అనుమానం వచ్చి, మిషను సరిగ్గా ఉందా అని అడిగాడట. మొన్ననే కదా సార్ బాగుచేయించాం అంది నర్సమ్మ. ఆ మాట వినగానే ఆయన తర్వాతివాణ్ణి పిలిచాడట. నా పనితనం మీద అంత నమ్మకం.

బీపీ దిగిందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇరవై ఒకటో తారీఖున కంటి ఆపరేషను. బల్ల తుడిచి, కన్ను మసకేసినప్పటి నుంచి పట్టించుకోని గడియారాలన్నీ వరసలో పెట్టాను. అందులో ఒకటి మీ అక్కది, పెళ్ళినాటిది. ఆగిపోయి చాలా కాలమైంది, ఎప్పుడూ బయటివాళ్ళవే ముందు చేస్తూ వచ్చాను. కన్ను బాగుపడితే మొదట అదే విప్పుతాను. ఈ మాట తనకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను, నోరు జారకు.

మీ అక్కకి పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోందట. మెడ వెనక పట్టేస్తోందంటుంది. బీపీ తక్కువైతే అంతేనని దర్జీ చెప్పాడు. నిమ్మరసంలో ఉప్పు కలిపి రోజూ నేనే ఇస్తున్నాను. మొహం చిట్లించి తాగుతుంది. తాగాక, ఇది నాకు పడుతున్నట్టు లేదండీ అంటుంది. అలవాటైతే పడుతుందన్నాను.

బావ


మార్చి 18

బావగారికి,

ముందు శుభాకాంక్షలు. మీ ఆపరేషను రోజు మార్కెట్లో పెద్ద సరుకు దిగుతోంది, రాలేను. అక్క పక్కన ఉంటుంది కదా, నాకు ధైర్యం.

ఒక విషయం మీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. నిన్న నా పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళి, ఆ డైటీషియన్ అమ్మాయికి మీ లెక్క గొప్పగా చెప్పాను. పొగుడుతుందనుకుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పళ్ళు తిని, ఉప్పు తగ్గిస్తే దిగేది కొద్దికొద్దిగానట, అదీ వారాలు నెలల మీదనట. రెండు వారాల్లో నలభై పైన దిగిందంటే పండుని కాదు, కొలిచినవాళ్ళని అడగండి అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న రకం. చదువుకున్నవాళ్ళకి పండు మీద నమ్మకం ఉండదు బావగారూ, పుస్తకం మీదే నమ్మకం. నాకు చాలా అవమానంగా అనిపించింది. మీరు ఆపరేషనై రెండు కళ్ళతో బయటికి రండి, ఫోటో తీసుకెళ్ళి ఆ అమ్మాయి బల్ల మీద పెడతాను.

మీ వీధిలో అందరికీ మరీ తక్కువకి పోతోందంటే పళ్ళు ఎక్కువవుతున్నాయేమో. అందుకని ఈసారి బుట్ట చిన్నది చేశాను. అక్క తలనొప్పికి మీరిచ్చే నిమ్మరసం మంచిదే.

మీ బావమరిది


మార్చి 22
ఆసుపత్రి వరండా

బావమరిదీ,

ఫోన్లో నీకు చెప్పింది సగమే. మిగతా సగం కాగితం మీదే చెప్పగలను. ఇది బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను.

నిన్న కంటాసుపత్రిలో నాకు నూట డెబ్బై నాలుగు వచ్చింది. ఊరుకున్నానా? మీ మిషను తప్పు అన్నాను. నేను స్వయంగా బాగుచేసిన మిషనులో నూట ఇరవై ఆరు వచ్చింది, డాక్టరు కాగితం ఉంది, కావాలంటే చూడండి అని గొడవ పెట్టుకున్నాను. అక్కడి నర్సు ఓపికగా ఇంకో మిషను తెచ్చింది. అందులోనూ అంతే. అప్పుడు నేనేమన్నానో తెలుసా? మా ఆవిడకి తొంభై రెండు, ఈమె మీద చూడండి, మీ మిషను బండారం బయటపడుతుంది అన్నాను. మీ అక్క, నాకెందుకండీ అంది. నేనే చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను.

రెండు వందల పది.

నర్సు మొహంలో నవ్వు పోయింది. మాట్లాడమ్మా అంది. మీ అక్క ఏదో అనబోయింది, పెదవి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దైపోయింది. నాకు ఆ పక్క కన్ను సరిగ్గా కనబడదు, అందుకని ఎదురుగా వెళ్ళి నిలబడి చూశాను. బండి మీద పెట్టి పక్క పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ కుర్చీలో కూర్చోకుండా ఇంటికెళ్ళి ఉంటే ఏమయ్యేదో అన్నాడు పెద్ద డాక్టరు. సమయానికి తెచ్చారు అని నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు కంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

రాత్రి వరండాలో కూర్చున్నాక మొత్తం అర్థమైంది. ఆ మిషనుకి సరైన టైము నేనే అనుకున్నాను. తప్పు నడుస్తున్న గడియారాన్ని చూసి ఊళ్ళో గడియారాలన్నీ దిద్దాను. నాకున్న నూట అరవై పైచిలుకుకి నూట ఇరవై అని పేరు పెట్టేసరికి, అందరికీ నలభై దాకా తక్కువ చూపించడం మొదలైంది. మీ అక్కకి ఆ రోజు నిజంగా ఉన్నది ఎప్పట్లాగే నూట ముప్పై. బిళ్ళతో చక్కగా ఉన్న మనిషికి తొంభై రెండు చూపించి బిళ్ళ ఆపించాను. ఆపింది డాక్టరే, కానీ ఆ ముల్లు నాది. ఆపైన ఉప్పునీళ్ళు నా చేత్తో తాగించాను. పడట్లేదని చెప్పింది. చెప్పింది కదా బావమరిదీ. నా ఎదురుగా కూర్చుని తన ఒంటి సంగతి తను చెబుతుంటే, రేకు డబ్బాని నమ్మాను.

పొద్దున్నే క్లినిక్కుకి ఫోను చేసి నేను చేసిందంతా కుర్ర డాక్టరుకి చెప్పాను. ఇప్పుడు ఆయనా నర్సమ్మా వేరే మిషను తెప్పించుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారట. దర్జీ ఉప్పు పొట్లం లాక్కున్నారట.

మిషన్నే బాగుచేసి పారేయమని వెటకారానికి రాశావు. నేను నిజంగానే చేశాను. నిన్ను ఏమీ అనడం లేదు. కొంచెం అంటున్నాను.

ఈ పొద్దున్న నుంచి బిళ్ళ వేసుకుంటున్నాను. తను లేచాక అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

బావ


మార్చి 23

బావగారికి,

బోర్డు దించేశాను. ఎదురు కొట్టు ముసలాయన ఎందుకు దించావని అడిగితే, సాక్షి మాట మార్చాడని చెప్పాను. తర్వాత కొట్టు లోపలికి వెళ్ళి ఏడ్చాను.

మీరొక్కరే కాదు. తల బరువని మీరు రాస్తే నిమ్మరసం మంచిదేనని జవాబు రాసింది నేను. ముల్లు నూట ఇరవై మీద బిగించానని మీరు నా చేతికి కాగితం మీద రాసిస్తే, ఆ పేజీ దాటేసి చదివింది నేను. ఆ డైటీషియన్ అమ్మాయి కొలిచినవాళ్ళని అడగమంటే, పండుని అవమానించిందని అలిగింది నేను. అది మా అక్క బావగారూ. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి.

సరుకు దిగితే దిగనీ. మధ్యాహ్నం బస్సుకి నేనే వస్తున్నాను. ఈ ఉత్తరం పొద్దుటి బస్సుకి వేస్తున్నాను, ముందుగా మీ చేతికి అందితే, అక్క దగ్గర నా పేరెత్తి కంగారుపెట్టకండి.

మీ బావమరిది


ఏప్రిల్ 27

బావమరిదీ,

నువ్వు వెళ్ళినప్పటి నుంచి మూడు బుట్టలొచ్చాయి, జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. ఇంట్లో పని నాదే ఇప్పుడు. వంట నేర్చుకున్నాను. ఉప్పు సగానికి తగ్గించాను, రుచి సంగతి అడక్కు.

తను బాగానే ఉంది. ఎడం చెయ్యి ఇంకా కాస్త బద్ధకిస్తోంది, రబ్బరు బంతి నొక్కించమన్నారు, నొక్కుతోంది. మాట తిరిగొచ్చింది. తిరిగొచ్చిన మాటల్లో ఎక్కువ భాగం నన్ను తిట్టడానికే వాడుతోంది, అది మంచి లక్షణమేనని డాక్టరు అన్నాడు. పొద్దున్నే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని బిళ్ళలు వేసుకుంటాం. నేను మింగానో లేదో నోరు తెరిపించి చూస్తోంది. తర్వాత పండు. ఒలిచి ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టేది నేను, ఏది ఎవరికి అని పంచేది తను. మచ్చల అరటిపండు నిజంగానే తియ్యగా ఉంటుంది, ఒప్పుకుంటున్నాను, నీ మార్కెట్లో చదివి వినిపించకు.

నాకు మొన్న నూట నలభై ఆరు. మూడు వారాల కిందట నూట యాభై ఎనిమిది. కొద్దికొద్దిగా దిగుతోంది. ఎక్కువ పని బిళ్ళది, కొంత ఉప్పు తగ్గించినదానిది, ఇంకొంత నీ పళ్ళదీ అయి ఉంటుందని కుర్ర డాక్టరు అన్నాడు. ఏది ఎంతో విడదీసి చెప్పమని అడగబోయి నోరు మూసుకున్నాను. కంటి ఆపరేషనుకి వచ్చే నెల రమ్మన్నారు. క్లినిక్కులో కొత్త మిషను ఉంది. నేను లోపలికి వెళితే నర్సమ్మ దాన్ని సొరుగులో పెట్టి ఆ సొరుగుకి ఆనుకుని నిలబడుతుంది. నిలబడనీ, తప్పులేదు.

నిన్న ఆవిడే మీ అక్కని చూడ్డానికి ఇంటికొచ్చింది. పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవులకి గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. నేను గుమ్మం బయట నిలబడ్డాను, ఈ మధ్య అలా అలవాటైంది. నూట ముప్పై రెండు, చాలా బాగుందమ్మా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ అక్క మాత్రం పట్టీ వైపు చూసింది, డయలు వైపు చూసింది, గుమ్మం బయట ఉన్న నా వైపు చూసింది. తర్వాత నర్సమ్మని నిదానంగా అడిగింది.

"ఈ మిషను ఎవరు బాగుచేశారు?"

కొత్తదమ్మా, ఎవరూ ముట్టుకోలేదు అని నర్సమ్మ చెప్పాకే నమ్మింది. నర్సమ్మ నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఈ ప్రశ్న బతికినన్నాళ్ళూ ఉంటుంది నాకు. ఆసుపత్రిలో అడుగుతుంది, చుట్టాల ముందు అడుగుతుంది, నా కళ్ళు బాగుపడి కొట్లో కూర్చున్నాక గిరాకీల ముందు కూడా అడుగుతుంది.

అడగనీ. అడగడానికి మనిషి ఉంది, నాకది చాలు.

నీ బావ